చాటెడు తవుడు

తుంగభద్రకు పెద్ద ఏరొచ్చి మడుగు చేన్ల మీద మోకాలి మందం ఇసుక పోసి పోయిన ఏడు ఒకటుంది. మా దిక్కు ముసలోళ్ళు ఇప్పటికీ పిల్లల ఈడు ఆ ఏరుతోనే లెక్క కడతరు. ఆ ఏరుకు మరుసటి ఎండకాలం జరిగిన ముచ్చట ఇది. పెద్ద లడాయి ఇంకా మొదలు కాలేదు. ఏటికి ఇవతల గద్వాల సంస్థానం, అవతల కర్నూలు, ఇంగ్లీషోళ్ళ రాజ్యం. నాకు ఇరవై నాలుగేండ్లు. పెండ్లయి రెండేండ్లు.

ఏరు అందరినీ ముంచలేదు. మడుగున ఉన్న మా పెదనాయిన బుచ్చన్న చేను మునిగింది. దిన్నె మీద ఉన్న మా చేను మునగలేదు. లొల్లి అక్కడ పుట్టింది.

దిన్నె చేను పన్నెండెకరాల నల్లరేగడి. మా తాత పెంటయ్య దున్నుతుండె. నా చిన్నప్పుడే మా నాయిన పోతే తాతనే నన్ను సాదిండు. ఆ చేను తాతకు వాళ్ళ పెదనాయిన నోటిమాట మీద పంచి ఇచ్చింది. ఆ పెదనాయిన మనుమడే ఈ బుచ్చన్న. పంపకానికి కాయితం లేదు. పట్వారి లెక్కల బస్తాల ఆ చేను ఇంకా చచ్చిపోయిన పెద్దాయన పేరు మీదనే ఉండె. నలభై ఏండ్లు ఎవరూ అడగలేదు, అడిగే అవసరం ఎవరికీ పడలేదు.

చైత్రం పోతుండగ ఒకనాడు పొద్దుగాల బుచ్చన్న పెద్దమనుషుల్ని చావడి కాడ కూడేసిండు. మమ్ముల్ని పిలిపిచ్చిండు. ఊరికి పెద్ద నాగప్ప నడుమల కూసున్నడు. ఆయనది రాయచూరు దిక్కు నుంచి వచ్చిన ఇల్లు, మాటల కన్నడం దొర్లుతది.

బుచ్చన్న రుమాలు విప్పి అందులకెళ్ళి మడత కాయితం తీసిండు.

"కర్నూలు సర్కారు దఫ్తరుల తీపిచ్చిన నకలు ఇది. ధాతు కరువుల అక్కడ గంజి పోసే దొడ్డి పెట్టిండ్రు కద, ఆ దొడ్డి పుస్తకంల మాట. నేను చెప్పుడు కాదు, పట్వారితోనే సదివిపియ్యిండ్రి."

పైన ఇంగ్లీషు, కింద తెలుగు. పట్వారి కింది మాట సదివిండు. "రేకు బిళ్ళ నంబరు నాలుగు వందల పన్నెండు. భీమమ్మ. ఏటి అవతల గద్వాల సీమ. మొగుడు చనిపోయెను. చేతిలో మగపిల్ల. అడుగగా తన పిల్ల కాదనెను. పెంట మీద దొరికెను, చాటెడు తవుడుకు కొంటిననెను."

మా తాత తల్లి పేరు భీమమ్మ. కడుపు చేత పట్టుకొని కర్నూలు పోయి, ఆ దొడ్డిల్నే పానం ఇడిసింది. పాలు తాగే పిల్లగాన్ని బుచ్చన్న తాత పోయి తెచ్చుకొని సాదిండు. ఇంతమటుకు ఊర్ల అందరికీ తెలుసు.

"అయితే ఏంది బుచ్చన్నా? పుట్టినోళ్ళు పుట్టినట్టు పోతుంటే, మల్ల పుట్టినోన్ని పెంట మీద పండబెట్టి, ఊడ్చే మనిషి చేతికెళ్ళి తవుడుకు కొనుక్కుంటం కద. మా ఇంట్ల ఇద్దరు పెంటమ్మలు లేరా?" అన్నడు ఒకాయన.

నలుగురు నవ్విండ్రు. బుచ్చన్న నవ్వలేదు.

"ఊర్ల ఉన్నప్పుడు ఆచారం. కడుపు కాలి సర్కారు దొడ్డిల నిలబడ్డప్పుడు ఆచారం ఎవరికి యాదికుంటది? ధాతు కరువుల నిజంగనే పిల్లల్ని తవుడుకు అమ్మిండ్రు. మా నాయినమ్మ కండ్లార చూసింది. ఈ పెంటయ్యను ఎవరు కన్నరో, ఎవరు అమ్మిండ్రో! మా రక్తం కాకపోతే మా చేన్ల పాలు ఎట్లొస్తది?"

ఆ మాటకు నవ్వు ఆగింది. నిజమే, ఆ కరువుల రెండూ జరిగినయి. ఆచారానికి కొన్నోళ్ళున్నరు, ఆకలికి అమ్మినోళ్ళున్నరు. పెంటయ్య అనే పేరు రెంటికీ సరిపోతది.

నాకు కాయితం కంటె ఇంకో మాట గుచ్చుకున్నది. బుచ్చన్న అప్పటిదాక మా తాతను 'చిన్నాయినా' అని పిలుస్తుండె. ఆ పొద్దు 'ఈ పెంటయ్య' అన్నడు.

"హౌదా?" అన్నడు నాగప్ప. కన్నడంల నిజమేనా అని. తాత దిక్కు చూసిండు. "నీ దగ్గరేమన్న ఉన్నదా పెంటయ్యా?"

తాత లేచి నిలబడ్డడు. "పుట్టింది నేనే, గని నాకు యాది లేదు" అన్నడు. అంతే, మల్ల కూసున్నడు.

నాగప్ప పెద్దమనుషులతోని మాట్లాడి తీర్పు చెప్పిండు. "ఏరువాక పున్నమి దాక ఇద్దరూ ఆ చేన్ల నాగలి పెట్టొద్దు. పున్నమి ముందటి దినం మల్ల కూసుందం. రుజువు తెస్తే పెంటయ్యది, తేకుంటే బుచ్చన్నది."

ఇంటికొచ్చినంక తాత మంచంల పండుకొని గోడ దిక్కు తిరిగిండు. నా పెండ్లాం పార్వతమ్మ సద్దరొట్టె పెడితే ముట్టలేదు.

"చేను యాడికి పోదు తాతా. నేను కోర్టు దాక పోత" అన్న.

"చేను పోతే పోనీరా." గోడ దిక్కే ఉండి మాట్లాడిండు. "అరవై ఏండ్లు ఆమెను నా తల్లి అనుకున్న. ఆమె నన్ను కన్నదా, కొన్నదా? అది తెల్వాలె. తెల్వకుండ నేను చావలేను."

పార్వతమ్మ నా దిక్కు చూసి, "మంచం పట్టుకొని నిలబడితే తెలుస్తదా? కర్నూలు పో. ఆ పెద్దమనిషి కాయితం యాడికెళ్ళి తెచ్చిండో అక్కడనే ఇంకోటి దొరుకుతదేమో అడుగు" అన్నది.

మర్నాడు ఏరు దాటి పోయిన. ఎండకాలం తుంగభద్ర నడుములోతు లేదు. దఫ్తరు కాడ జవాను ముందు నా కాళ్ళ దిక్కు చూసిండు, తర్వాత మొకం చూసిండు. లోపలికి పోనియ్యలేదు. పక్కన యాపచెట్టు కింద ఒక ముసలాయన అర్జీలు రాస్తుండె. గుండ్రటి అద్దాలు, మెడల సిలువ. ఆయన పేరు యేసయ్య. మిషన్ దవాఖానల ముప్పై ఏండ్లు మందులు కలిపే కంపౌండరు పని చేసిండంట.

బుచ్చన్న కాయితం చూసి, ఇంగ్లీషు గీతలు గుడక ఉన్నయున్నట్టు నేను పట్వారితోని దింపిచ్చుకున్న ముక్క ఆయన చేతుల పెట్టిన. మొత్తం సదివి, చివర్న వేలు పెట్టిండు.

"ఇది చూస్తివా అప్పా? ఇంగ్లీషులో రెండు పొట్టి అచ్చరాలు ఉండాయి. కింద తెలుగులో రాయలేదు."

"ఏందవి?"

"డాక్టరు షెడ్డు అని. అంటే ఈయమ్మ దొడ్డిలో ఊరికే కూర్చున్న మనిషి కాదు, జబ్బు షెడ్డులో ఉన్నింది. సర్కారు బుక్కు రాసినోడు వేరే. డాక్టరు బుక్కు వేరే."

"అదెక్కడుంటది?"

"సర్కారు దగ్గర ల్యా. ఆ డాక్టరు దొర దేశం పోతా పోతా తన బుక్కులు మిషనుకు ఇచ్చి పోయినాడు. మందుల బీరువా కింద పడి ఉండాయి. నేను ముప్పై ఏండ్లు వాటి మీదనే సీసాలు పెడితిని." ఆయన అద్దాలు తుడుచుకున్నడు. "ఏ సంవత్సరం?"

"ధాతు."

"ధాతు అంటే పద్దెనిమిది వందల డెబ్బై ఆరు. రా."

దవాఖాన వసారల ఆయన బీరువా కింద చెయ్యిపెట్టి తోలు అట్ట పుస్తకం ఒకటి లాగిండు. దుమ్ము దులిపిండు. అందుల పేర్ల వరస లేదు, నంబర్ల వరసనే. వేలు పెట్టుకుంట పోయిండు. నాలుగు వందల పది. పదకొండు. పన్నెండు.

ఆగిండు. నా మొకం దిక్కు చూడలేదు.

"నాలుగు వందల పన్నెండు. గుడ్డి ముసలాయన. ఆదోని తాలూకా. పేగుల జబ్బుతో పోయినాడు."

"మల్ల చూడు సారు."

మల్ల చూసిండు. గుడ్డి ముసలాయనే. భీమమ్మ పేరుతోని పుస్తకమంత గాలిచ్చినం. పద్దెనిమిది మంది భీమమ్మలు దొరికిండ్రు. ఒక్కరూ ఏటి అవతలోళ్ళు కాదు. నేను లేచి దండం పెట్టి వచ్చేసిన. తొవ్వల ఒకటే తట్టింది, బుచ్చన్న కాయితం దొంగ కాయితం అని. ఆ ఆశ ఇంటి దాక నిలబడ్డది.

తాత ఇని తల అడ్డంగ ఊపిండు. "వాడు అంత పని చెయ్యడు. కాయితం మీద సర్కారు ముద్ర, మొహర్ ఉన్నది కద. మనకు దొరకలే, అంతే."

పార్వతమ్మ జొన్నలు చెరుగుకుంట మా మాటలు ఇంటుండె. చాట ఆపి నన్నడిగింది.

"ఏ ఏడు పుస్తకం చూసిండ్రు?"

"ధాతు. తాత ధాతు కరువుల పుట్టిండు కద."

"ధాతు కరువుల పుట్టిండు. ధాతుల పుట్టిండని ఎవరు చెప్పిండ్రు?"

చాట కింద పెట్టి పార్వతమ్మనే మల్ల అందుకున్నది.

"మా తల్లిగారూరు పాన్‌గల్‌ల మా అవ్వ బసవమ్మ చెప్తుండె. ధాతుల ఆమె లగ్గం, ఈశ్వరల మా పెద్దమ్మ పుట్టుక. రెండూ ధాతు కరువుల్నే అయినయి అంటుండె. పేరు ధాతుది, గని మనుషుల్ని తిన్నది మరుసటేడు ఈశ్వర." చాట మల్ల ఎత్తింది. "అంత దూరం పోయి కరువు ఏడు సదివిపిచ్చుకొని వచ్చినవు. మనిషి ఏడు అడగకపోతివి."

తాత మంచం మీద లేచి కూసున్నడు. చావడి కాడికెళ్ళి వచ్చినంక మొదటిసారి.

"శ్రావణంల పుట్టిన్నని పెదనాయిన చెప్తుండె" అన్నడు మెల్లగ. "నేను పుట్టిన కొన్ని దినాలకే వానలు పడ్డయంట. ధాతు శ్రావణంల వాన యాడిది? ఆ ఏడు చుక్క పడలే."

మూడో దినం మల్ల ఏరు దాటిన. యేసయ్య యాపచెట్టు కిందనే ఉండె. నేను చెప్పేది పూర్తి కాకముందే నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.

"నువ్వు ధాతు అంటివి, నేను ధాతు బుక్కే తీస్తిని. అరవై ఏండ్లోన్ని, నాకైనా బుద్ధి ఉండాల్సింది. కొత్త సంవత్సరానికి నంబర్లు మళ్ళా ఒకటి నుంచి ఇస్తారు కదా."

రెండో పుస్తకం కోసం బీరువా పక్కకు జరపాల్సి వచ్చింది. సీసాలు నేనే దించిన. పుస్తకం ఒక మూల చెదలు తిన్నది. నడిమి పేజీలు బాగున్నయి. రాత సన్నగ, ఒత్తుగ, చీమల బారు లెక్క ఉన్నది.

"ఈయన ఇంగ్లీషు దొర కాదు" అన్నడు యేసయ్య పేజీలు తిప్పుకుంట. "ఐర్లండు అని వేరే దీవి. ఐరిష్ దొర. వాళ్ళ దేశంలో గడ్డల పంట కుళ్ళిపోయి మన మాదిరే కరువొచ్చింటే, ఈయన చిన్నపిల్లోడంట. మా పాత పాదిరి చెప్తాండె. సర్కారు మనిషి ఒక్కొక్కరికి ఒక్క గీత రాస్తే, ఈయన పేజీ రాసేవాడు."

నాలుగు వందల పన్నెండు కాడ ఆయన వేలు ఆగింది. పెదవులు కదులుతున్నయి, సప్పుడు లేదు.

"చెప్పు సారు."

"కూర్చో."

కూసున్న. ఆయన ఒక్కొక్క మాట తెలుగుల చెప్పుకుంట పోయిండు.

"ఆగస్టు ఇరవై రెండు. నంబరు నాలుగు వందల పన్నెండు, భీమమ్మ. ఏటి అవతల గద్వాల సీమ. తెల్లవారి మగపిల్లను కన్నది. నేనే పట్టుకొంటిని. తల్లి ఎముకల గూడు. ముందు ముగ్గురు పుట్టి పోయిరి."

నేను గోడకు ఆనుకున్న. నేనే పట్టుకొంటిని. ఆ మాట చాలు మాకు. గని ఆయన ఆపలేదు.

"ఆగస్టు ఇరవై ఏడు. షెడ్డు వెనక ఊడ్చిన పెంట కుప్ప మీద ఆ పిల్లోన్నే పడుకోబెట్టి ఉండిరి. నేను కేకలు వేస్తిని. ఆడవాళ్ళు నన్ను చూసి నవ్విరి. ఊడ్చే మనిషి పిల్లోన్ని ఎత్తుకొని, నాకు దొరికినాడు అనె. భీమమ్మ చాటెడు తవుడు ఇచ్చి వానిని కొనె. తరువాత కుడి ముక్కు కుట్టిరి." యేసయ్య అద్దాల మీదికెళ్ళి నన్ను చూసిండు. "ఇంకా ఉండాది. దొడ్డిలో తవుడు ఎక్కడిదని విచారిస్తిని. నా గుర్రాలు చూసే సైసు ఒప్పుకొనె. ఆమె ఆ దినం తన బియ్యమంతా వానికి ఇచ్చి గుర్రాల తవుడు తీసుకొనె. బాలింత. ఆ దినం ఏమీ తినలేదు. ఆమెకు రెండోసారి బియ్యం ఇవ్వవలెనని హుకుం రాస్తిని."

నేను తల వంచుకున్న. యేసయ్య అద్దాలు తీసి, మల్ల పెట్టుకున్నడు.

"సెప్టెంబరు మూడు. దొడ్డి గుమస్తా వచ్చి ఆమెను అడిగితే, నా పిల్ల కాదు, కొన్నాననె. అతను అదే రాసుకొనె. దిద్దమంటిని. ఆమె నోట చెప్పినదే రాస్తానని పోయె. ఆమె తప్పు ల్యాదు. నాదనే మాట నోట వస్తే చావు వింటుందని ఆమె భయం. మా దేశంలో మా యమ్మ నాకు ఏడేండ్లు వచ్చేవరకు ఆడపిల్ల లంగా తొడిగె, మగపిల్లల్ని ఎత్తుకపోయే దయ్యాల కండ్లు కప్పేదానికి."

పుస్తకం మూసిండు.

"నకలు రాసియ్యి సారు."

"నేను రాస్తే ఎవరు నమ్ముతారు? నా మొహర్ ఏముంది?" లేచి ధోవతి దులుపుకున్నడు. "పాదిరిని అడుగుతా. బుక్కు పోతే నేను కూడా బుక్కుతో పోవాల. పున్నమి ముందర దినం రా."

పున్నమి ముందటి దినం ఎగువన వాన కొట్టి ఏరు కొద్దిగ లేసింది. నడుములోతు. యేసయ్య ఒడ్డున నిలబడి నీళ్ళ దిక్కు చూసిండు. పుస్తకం మైనపు గుడ్డల చుట్టి నెత్తి మీద పెట్టుకున్నడు. ఆయనను నేను ఈపున ఎక్కిచ్చుకున్న.

"మద్దిలేటీ, నేను మునిగినా పరవాల్యా. బుక్కు తడిస్తే పాదిరి నన్ను బతకనియ్యడు."

"కదలకు సారు."

"నేను కదలడంల్యా. నువ్వే ఊగుతాండావు."

ఇవతల ఒడ్డున కరోడ్‌గిరి నాకా. ఏరు దాటి సంస్థానంలకు వచ్చే ప్రతి సరుకుకూ అక్కడ పన్ను వసూలు చేస్తరు. నాకా మనిషి మూట విప్పమన్నడు.

"క్యా హై? ఏముంది గిందుల?"

"పుస్తకం."

"ఏం పుస్తకం?"

"మా తాత పుట్టిన పుస్తకం" అన్న.

ఆయన అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. చెదలు తిన్న మూల చూసి మొకం పక్కకు తిప్పుకున్నడు. "గిట్లాంటిదానికి ఎంత తీసుకోవాలెనో మా కితాబుల లేదు. పో."

చావడి కాడ ఊరు ఊరంత కూడింది. తాత తలకు కొత్త రుమాలు చుట్టుకొని ఒక మూలకు కూసుండె. బుచ్చన్న తన కాయితం మోకాలి మీద పెట్టుకున్నడు. యేసయ్య తడిసిన ధోవతితోనే నిలబడి, నాకు సదివినట్టే మొదటి కాడికెళ్ళి చివరి దాక సదివిండు. ఊరికే సదవలేదు, ఒక్కొక్క గీత కింద వేలు పెట్టి పట్వారికి చూపిచ్చిండు. పట్వారికి ఇంగ్లీషు అంకెలు మటుకు వస్తయి.

సదువుడు అయినంక బుచ్చన్న అడిగిండు, "భీమమ్మలు కరువుల ఎందరో. ఈ భీమమ్మనే మా భీమమ్మ అని ఎట్ల నమ్మాలె?"

నేను మాట్లాడే మనిషిని కాదు. ఆ పొద్దు మాట్లాడిన.

"నీ కాయితంల బిళ్ళ నంబరు ఎంత పెదనాయినా?"

బుచ్చన్న కాయితం తెరవలేదు. తెరిచే పని లేదు, ఆ నంబరు ఊరంతకు నోటికి వచ్చు.

"నాలుగు వందల పన్నెండు" అన్నడు పట్వారి. పుస్తకం మీదికి వంగి అంకెలు కూడబలుక్కున్నడు. "ఇక్కడా అదే."

"నీది ఏ నెల?" అని యేసయ్య బుచ్చన్న కాయితం తీసుకొని ఇంగ్లీషు దిక్కు చూసిండు. "నెల రాయలేదు. కానీ దొడ్డి గుమస్తా అడిగినాడని, ఆమె కొన్నాననిందని డాక్టరు కూడా రాసినాడు కదా. నీ కాగితంలోని మాట ఈ బుక్కులో ఉండాది. ఈ బుక్కులోని మాట నీ కాగితంలో ల్యా. ఒకడు అడిగి రాసుకున్నాడు. ఇంకొకడు చూసి రాసినాడు."

జనంలకెళ్ళి ఒక ముసలమ్మ, "పెంటయ్య ముక్కు చూడుండ్రి, కుడి దిక్కు రంధ్రం ఇప్పటికీ పూడలే" అన్నది. తాత చెయ్యి తనంతట తనే ముక్కు మీదికి పోయింది. ఈసారి అందరూ నవ్విండ్రు, బుచ్చన్న గుడక పెదవి బిగబట్టుకున్నడు.

నాగప్ప లేసి పుస్తకం దగ్గరికి వచ్చిండు. సదువు రాకున్నా ఆ పేజీ దిక్కు చాన సేపు చూసిండు. "ఏటి అవతల ఎవరో దొర, మన ఆడమనిషి మాటను మనకంటె బాగ తెలుసుకున్నడు" అన్నడు. "చేను పెంటయ్యది. పట్వారీ, పేరు మార్పుకు అర్జీ రాయి."

అరుపులు లేవు. నలుగురు తాత భుజం తట్టి పోతున్నరు. పార్వతమ్మ ఆడోళ్ళ నడుమల నిలబడి కొంగుతోని నోరు మూసుకున్నది, నవ్వుతున్నదో ఏడుస్తున్నదో నాకు కనపడలే.

తాత లేసి యేసయ్య కాడికి పోయిండు.

"అయ్యా, జర ఆ తవుడు మాట మల్ల ఒకసారి సదువు."

యేసయ్య మల్ల సదివిండు. ఆ దినం తన బియ్యమంతా ఇచ్చి. బాలింత. ఆ దినం ఏమీ తినలేదు.

"అయితే కన్నది, కొన్నది గుడక" అన్నడు తాత.

ఆ గీత ఏదో చూపియ్యమని అడిగిండు. యేసయ్య తాత వేలు పట్టుకొని దాని మీద పెట్టిండు. తాత వేలు మొద్దుది, నాగలి మేడి పట్టి కాయలు కాసింది. ఆ సన్న రాత మొత్తం దాని కింద దాగింది.

జనం సగం పోయిండ్రు. బుచ్చన్న పోలేదు. చావడి మెట్టు కాడ నిలబడి కాయితాన్ని నాలుగు మడతలు పెట్టిండు, మల్ల విప్పిండు. మా ఇంటిపేరోళ్ళల్ల ఎవరు పెద్దోడైతే ఏరువాక నాడు ఆయన అందరి చేన్లల్ల మొదటి చాలు తోలాలె. బుచ్చన్న నాయిన పోయినంక ఆ పెద్దరికం ఈడు లెక్కన తాతకు రావాలె. కొన్న మనిషని లోపల లోపల అనుమానం ఉండె గనుక ఎవరూ పిలవలేదు, తాతా అడగలేదు. బుచ్చన్ననే తోలుతుండె.

బుచ్చన్న తాత ముందరికి వచ్చిండు. మొకం కిందికి ఉన్నది.

"పొద్దున మా చేను కాడికి రావాలె, చిన్నాయినా."

తాత రుమాలు సర్దుకున్నడు. "ఎడ్లు నీవా, మావా?" అని అడిగిండు.

"మీవే తెండ్రి. మావి బక్కగైనయి."

"వస్తంలే."

యేసయ్య ఆ పొద్దు మా ఇంట్లనే ఉన్నడు. పార్వతమ్మ కోడిని కోసింది. ఆయన తిని, "ఐర్లండు దొర పుణ్యమా అని నాకు ఏటి అవతల కూడా అన్నం దొరికె" అన్నడు. తాత రెండుసార్లు కూర అడిగి పెట్టిచ్చుకున్నడు.

తెల్లారంగ లేసి నేను ఎడ్లను కడిగిన. కొమ్ములకు ఎర్రమన్ను పూసి, నాగలికి పసుపు బొట్లు పెట్టి, తాతను ముందర నడిపిచ్చుకుంట మొదలు బుచ్చన్న చేనుకు పోయిన. మేడి తాత చేతికిచ్చి నేను ఎడ్ల ముందట నడిచిన. అక్కడ మూడు చాళ్ళు తోలినంక, బుచ్చన్నను వెంబడి పెట్టుకొని, పొద్దు బారెడెక్కక ముందే ఎడ్లను దిన్నె చేను దిక్కు మలిపిన.